నల్లమలలో జంతువుల అరుపులు వినాలంటే ఎక్కడ దిగాలి?

నల్లమల వెళ్లొచ్చినోళ్ల రివ్యూలు చూస్తే సగం మందిది ఒకటే ఏడుపు, సఫారీకి డబ్బులు తగలేశాం పులి కనపళ్లేదు అని. ఎట్లా కనపడుద్ది బాబూ, రాష్ట్రం విడిపోయి అమ్రాబాద్ వేరే రిజర్వ్ అయ్యాక కూడా నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వే దేశంలో పెద్దది, పైగా కొండలు, లోయలు, గుబురు. ఇక్కడ కళ్ల కన్నా చెవులకే పని ఎక్కువ. అందుకే నేను రూమ్ ఎట్లా ఉంది, బాత్రూంలో గీజర్ ఉందా అన్నదానికంటే రాత్రిపూట ఏం వినపడింది అన్నదాన్ని బట్టే మార్కులు వేస్తున్నా.

నా ఫస్ట్ ఓటు బైర్లూటికి. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే రోడ్డులో అటవీ శాఖ వాళ్ల జంగిల్ క్యాంప్, కాటేజీలు ఉన్నాయి టెంట్లు ఉన్నాయి, పనిచేసేవాళ్లలో స్థానిక చెంచులు ఉంటారు, అసలు విలువ అక్కడే ఉంది. భోజనం మామూలుగా ఉంటది, దాని కోసం ఎవరూ పోరు. టెంట్ తీసుకోండి, గోడలు లేకపోతే సౌండ్ బాగా తెలుస్తది.

సాయంత్రం జీపు సాసర్ పిట్ (జంతువులు నీళ్లు తాగడానికి కట్టిన పళ్లెం లాంటి తొట్టి) దగ్గర ఆపించి ఇంజిన్ ఆఫ్ చేయమన్నాం (అడిగితే చేస్తారు, మొహమాటపడకండి). చెట్టు మీద కొండముచ్చులు, కింద అవి రాల్చిన ఆకులు తింటూ దుప్పులు. ఉన్నట్టుండి ఒక దుప్పి తోక లేపి సన్నగా "క్యావ్" అంది, ఇంకోటి అందుకుంది, మా వాళ్లందరూ కెమెరాలు తీశారు. గైడ్ మాత్రం దుప్పుల వైపు చూడనే లేదు, పై కొమ్మ మీద పెద్ద కొండముచ్చు ఎటు చూస్తోందో అది చూస్తున్నాడు. "దుప్పిదేముంది సార్, ఆకు రాలినా అరుస్తాది, కణితి అరవనీ అప్పుడు చూస్కుందాం" అన్నాడు. కణితి అంటే సాంబార్. కాసేపటికి వాగు వైపు నుంచి "ఢాంక్" అని ఒక్కటి, గట్టిగా, కడుపులో తగిలేట్టు, కొంచెం ఆగి మళ్లీ "ఢాంక్". ఆ కొండముచ్చు కూడా దగ్గినట్టు "ఖక్ ఖకర్" మొదలుపెట్టింది. మాకేం కనపడలేదు. పొద్దున అదే వాగు ఇసుకలో చిరుత అడుగులు, గోళ్ల గుర్తులు లేకుండా గుండ్రంగా, తాజాగా ఉన్నాయి.

దుప్పి నక్కని చూసినా, ఊరకుక్కని చూసినా అరుస్తది. కణితి మాత్రం వేటాడే జంతువుని కళ్లారా చూస్తే గానీ సాధారణంగా నోరు తెరవదు, చూశాక ముందుకాలు నేలకేసి కొడుతూ ఆగకుండా అరుస్తది, అందుకే దాన్నే నమ్మాలి. కొండముచ్చుల్లో కూడా తేడా ఉంది, "హూప్ హూప్" అని అడవంతా మారుమోగేట్టు అరిస్తే అది మగది తన ఏరియా చాటుకోవడం, దానికి కంగారుపడక్కర్లేదు. మదమెక్కిన మగ దుప్పి బొంగురుగా ఒక అరుపు అరుస్తది చూడండి, అది విని పులి వచ్చిందని మా వెనక జీపులో ఒకాయన తెగ హడావిడి చేశాడు. రాత్రి ఆగకుండా "చక్ చక్ చక్" అని వినపడేది జంతువే కాదు, నైట్‌జార్ అనే పిట్ట.

చిరుతది మాత్రం ఒకసారి వింటే మర్చిపోరు. గర్జన కాదు, రంపంతో దుంగ కోస్తున్నట్టు గరగరా లోపలికీ బయటికీ ఊపిరి, ఒక వరసలో వచ్చి ఆగిపోతది. నాకు టెంట్‌లో పడుకున్నప్పుడు దూరంగా వినపడింది, నిద్ర పట్టలేదు అది వేరే విషయం.

తెలంగాణ వైపు అయితే మన్ననూర్, ఫర్హాబాద్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం హైవే మీద సుమారు 140 కిలోమీటర్లు, ఫర్హాబాద్ వ్యూ పాయింట్ చాలా బాగుంటది, సఫారీ కూడా ఉంది, చిన్నపిల్లలు పెద్దవాళ్లతో పోతే ఇదే సుఖం. చిక్కల్లా హైవే. కానీ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్ట్ గేట్లు మూసేస్తారు, కాబట్టి 9 దాకా హారన్లు భరించి భోజనం కానిచ్చి అప్పుడు బయట కుర్చీ వేసుకోండి. నక్కల కోరస్ మేం అట్లాగే విన్నాం, ఒకటి మొదలుపెడితే నాలుగు వైపుల నుంచీ ఊళలు. దుమ్ములగొండి కూడా నవ్వుద్దేమో అని చూశాం, అది ఆఫ్రికా మచ్చల రకం చేసే పని అట, మన చారల దుమ్ములగొండి దాదాపు మూగదే. ఆ మరుసటి రాత్రి హైవే పక్కన ఒక ప్రైవేట్ రిసార్ట్‌లో దిగాం, పేరు వద్దులే, ఎవరిదో బర్త్‌డే అని డీజే పెట్టారు, ఇక వినడానికేముంది.

దర్శనం కూడా కలిసిరావాలంటే శ్రీశైలంలో ఉండి, దోర్నాల రోడ్డులో తుమ్మలబైలు సఫారీకి రావచ్చు, మొదటి ట్రిప్పే పట్టుకోండి. ఊళ్లో మాత్రం కోతుల గోల తప్ప ఏమీ వినపడదు.

ఇప్ప పూల టైంలో, అంటే మార్చి ఏప్రిల్‌లో పోతే ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి. చెదపుట్ట తవ్వి, ఉఫ్‌మని మట్టి ఊదేసి, పై దవడలో ముందు రెండు పళ్లు లేని సందులోంచి చెదల్ని జుర్రున పీలుస్తది, ఆ సౌండ్ వంద మీటర్లు దాటి వినపడుద్ది. నడుస్తున్నప్పుడు అది వినపడితే ఫోటో ఆశ పెట్టుకోకుండా వెనక్కి వచ్చేయండి, చెంచులే దానికి భయపడినంత పులికి భయపడరు. రేచుకుక్కలు, అంటే అడవి కుక్కలు, ఊరకుక్కల్లా మొరగవు, గుంపు విడిపోతే ఈల వేసి కలుసుకుంటాయి, ఆ ఈల నాకింకా వినే ఛాన్స్ దొరకలేదు.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీలు మామూలుగా మూసేస్తారు, ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి. ఇంకోటి, పులి గర్జన ఫోన్‌లోకి దించుకుని జీపులో ప్లే చేసే మహానుభావులు కొందరుంటారు, వాళ్లని గైడ్ అక్కడే దింపేస్తానంటే నా సపోర్ట్ గైడ్‌కే.