పదో తరగతి ‘మళ్ళీ రెగ్యులర్‌గా’ చదివిస్తామని ఏడాది ఫీజు కట్టించుకునే ట్యుటోరియళ్లతో జాగ్రత్త

పదో తరగతి తప్పిన పిల్లలను మళ్ళీ రెగ్యులర్‌గా చదివించి పాస్ చేయిస్తామని చెప్పి, ఏడాది ఫీజు మొత్తాన్ని తల్లిదండ్రుల పేరిట అప్పు రాయించి ఒకేసారి తీసుకునే ట్యుటోరియళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని ఇది రాస్తున్నాను. మేము ఒప్పుకున్న ఫీజు 72,000 రూపాయలు. మా అబ్బాయి పరీక్షకు నిజంగా కట్టవలసిన ప్రభుత్వ రుసుము 110 రూపాయలు. ఈ సంగతి నాకు జూలైలో తెలియలేదు, నవంబరులో తెలిసింది.

మేము మిర్యాలగూడలో ఉంటాము. మా వాడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివి, ఏప్రిల్ ఆఖరున వచ్చిన ఫలితాల్లో గణితం, సామాన్య శాస్త్రం తప్పాడు. జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాస్తే సామాన్య శాస్త్రం గట్టెక్కింది కానీ గణితంలో 80కి 28 రావలసిన చోట 22 వచ్చాయి. నిజానికి మిగిలింది ఒక్క సబ్జెక్టే. ఆ వారం మా ఇంట్లో ఆ మాట ఎవరికీ తోచలేదు, ‘పిల్లవాడి ఏడాది పోయింది’ అన్న మాటే అందరి నోటా వినిపించింది. తోటివాళ్లు ఇంటర్‌లోనో పాలిటెక్నిక్‌లోనో చేరిపోతుంటే వాడు భోజనానికి కూడా పిలిస్తే తప్ప గదిలోంచి వచ్చేవాడు కాదు. అలాంటి సమయంలో మా బంధువు ఒకరు హైదరాబాదు శివార్లలోని ఒక ట్యుటోరియల్ కరపత్రం తెచ్చి ఇచ్చారు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు.

అక్కడి మేనేజరు మర్యాదస్థుడే. టీ తెప్పించి, “సార్, ప్రైవేటుగా కట్టిస్తే బాబు జీవితాంతం ఫెయిలైన వాడిగానే మిగిలిపోతాడు, మేము రెగ్యులర్‌గా రాయిస్తాం, వంద శాతం గ్యారంటీ” అన్నాడు. జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలకు చదువు, హాస్టలు, భోజనం కలిపి 72,000. అంత డబ్బు ఒకేసారి లేదంటే, “అసలు ఇబ్బందే లేదు, నెలకు 6,000 చొప్పున పన్నెండు నెలలు, పైసా వడ్డీ లేదు” అని పక్క బల్ల దగ్గర ఉన్న కుర్రవాడికి అప్పగించాడు. ఆ కుర్రవాడు నా ఆధార్, పాన్ కార్డులను ఫోటో తీసుకుని, నా ఫోన్‌కు వచ్చిన ఓటీపీలను ఒకదాని తరువాత ఒకటి చెప్పించుకుని, పది నిమిషాల్లో ‘అయిపోయింది సార్’ అన్నాడు. ట్యుటోరియల్‌కు వాయిదాల్లో ఫీజు కడుతున్నానని నేను అనుకున్నాను. నిజంగా జరిగింది వేరు. ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరిట 72,000 అప్పు మంజూరు చేసి, ఆ సొమ్మును ట్యుటోరియల్‌కు ఇచ్చేసింది. నెలనెలా నా ఖాతాలోంచి వాయిదా తీసుకోవడానికి నాచ్ అనుమతి కూడా ఆ ఓటీపీల్లోనే ఇచ్చేశాను. అంటే మా వాడు తరగతిలో కూర్చున్నా కూర్చోకపోయినా ట్యుటోరియల్‌కు డబ్బు ముట్టింది, బాకీ మాత్రం నాది.

సెప్టెంబరులో వాడు ఫోన్ చేసి, లెక్కల సారు మానేశాడని, ఇరవై రోజులుగా టీవీలో వీడియో పెట్టి చూడమంటున్నారని చెప్పాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు నోటు పుస్తకం తెరిచి చూశాను. వాస్తవ సంఖ్యలు, సమితులు, బహుపదులు ఉన్నాయి. ఆ తరువాత తెల్ల కాగితాలే. వాడు తిరిగి వెళ్లనన్నాడు, నేనూ పంపలేదు.

మిగిలిన ఆరు నెలల డబ్బు, అంటే 48,000 తిరిగి ఇవ్వమని అడిగాను. రసీదు తిప్పి చూడమన్నారు. వెనక్కి తిప్పితే నీలం సిరా ముద్ర, అందులో ‘కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. ముందు వైపున ‘పాఠశాల’ అన్న మాట ఎక్కడా లేదు, ‘ట్యుటోరియల్ సేవలు’ అని మాత్రమే ఉంది. రెగ్యులర్ బడి అన్నారు కదా అని అడిగితే ‘మాది కోచింగ్ అండీ’ అన్నారు. కోచింగ్ అయితే జీఎస్టీ ఎందుకు చూపలేదని అడిగితే ‘చదువుకు పన్ను ఉండదండీ’ అన్నారు. మన ప్రశ్నను బట్టి వాళ్ల సంస్థ మారిపోతుందని అప్పుడు అర్థమైంది. బడి చదువుకు జీఎస్టీ మినహాయింపు ఉన్న మాట నిజమే. కోచింగ్‌కు మాత్రం 18 శాతం ఉంది, ఏడాదికి 20 లక్షలకు మించి వ్యాపారం చేసే కోచింగ్ కేంద్రం జీఎస్టీ నమోదు చేసుకోవాలి. గుర్తింపు పొందిన ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఫీజు కట్టే ముందు ఆ కోడ్ అడిగితే ఎదుట ఉన్నది బడో కోచింగో అక్కడికక్కడే తేలిపోయేది. నేను అడగలేదు.

అసలు విషయం నవంబరులో పాత బడికి వెళ్లినప్పుడు తెలిసింది. పరీక్ష ఫీజు గడువు దగ్గర పడిందని విని, ప్రధానోపాధ్యాయుడి గది ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “మీరు ఎక్కడ చదివించినా ఫీజు కట్టవలసింది మన బడిలోనే కదండీ, ఆ మాట అక్కడికి పోయేముందు నన్ను ఒక్కసారి అడిగితే సరిపోయేది” అన్నారు. ఒకసారి తప్పిన విద్యార్థి, తాను చదివిన బడి ద్వారానే దరఖాస్తు చేసుకుని, తప్పిన సబ్జెక్టులు మాత్రమే రాస్తాడు. పాసైన వాటి మార్కులూ, పాత ఇంటర్నల్ మార్కులూ అలాగే ఉంటాయి. మూడు సబ్జెక్టుల వరకు ఫీజు 110 రూపాయలు, అంతకు మించితే 125. ట్యుటోరియల్‌లో చేరినా చేరకపోయినా మా వాడు బోర్డు లెక్కలో అదే విద్యార్థి. ‘రెగ్యులర్‌గా రాయిస్తాం’ అన్న మాటకు నేను కట్టిన వెల అంతా దండగే. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు బయట ఎక్కడా ఫీజు కట్టకముందే పాత బడిలో తిరిగి చేర్చుకుంటారేమో అడగాలి, అక్కడ తప్పిన పిల్లలకు 2023-24లో అలాంటి అవకాశం ఇచ్చారు. ఓపెన్ స్కూలు వైపు వెళ్లదలచుకున్నవారు సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోనే ఫీజు కట్టండి. మధ్యవర్తి చేతికి డబ్బు ఇవ్వవలసిన పని లేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో (ఎన్‌ఐఓఎస్ అనే ఓపెన్ స్కూలులో) అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ముందే పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులను అక్కడికి బదిలీ చేసుకోవచ్చు.

పిల్లవాడికి చదువు చెప్పేవారు కావాలన్నది నిజం, అందుకు డబ్బు ఖర్చు కావడం తప్పు కాదు. అయితే మనం కొంటున్నది ఒక సబ్జెక్టు ట్యూషనూ, కొన్ని నెలల భోజనమూ మాత్రమేనని తెలిసి కొనాలి. అలా తెలిసి ఉంటే నెలనెలా కట్టడానికి ఒప్పుకుంటేనే చేర్పిస్తానని చెప్పి ఉండేవాణ్ణి. అప్పు తప్పదనుకుంటే, సంతకానికీ ఓటీపీకీ ముందు కంపెనీ ఇవ్వవలసిన కీలక వివరాల పత్రాన్ని అడిగి చదవాలి. అప్పు ఎవరి పేరిట ఉందో, అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో, ఎన్ని రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చో అందులో ఉండాలి. నాకు ఆ పత్రం ఈమెయిల్‌కు వచ్చింది. ఈమెయిల్ చూసే అలవాటు లేక, అది నాకు అక్టోబరులో కనిపించింది. వడ్డీ లేదన్న అప్పుకు 1,800 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు పడినట్టు కూడా అందులోనే చూశాను. కోపంతో ఒక నెల ఖాతా ఖాళీ చేసి వాయిదా వెనక్కి పంపాను. బ్యాంకు 295 రూపాయలు పట్టుకుంది, కంపెనీ జరిమానా వేరు, సిబిల్ స్కోరు తగ్గడం వేరు. ఆ పని మీరు చేయవద్దు.

ప్రస్తుతం మూడు ఫిర్యాదులు నడుస్తున్నాయి. మొదటిది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు. బడులూ కాలేజీలూ వినియోగదారుల చట్టం కిందికి రావని 2020లో జాతీయ కమిషన్ తీర్పు ఇచ్చినప్పుడు కూడా, కోచింగ్ కేంద్రాలు మాత్రం వస్తాయనే చెప్పింది. ఆ రకంగా ‘మాది కోచింగ్’ అన్న వాళ్ల మాట నాకే ఉపయోగపడుతోంది. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకు రుసుము లేదు. రెండవది జిల్లా విద్యాధికారికి. కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ మార్గదర్శకాల ప్రకారం 16 ఏళ్లు నిండని వారిని చేర్చుకోరాదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజునూ హాస్టలు డబ్బునూ 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. చేరిన నాటికి మా వాడికి 15 ఏళ్ల 9 నెలలు. మార్గదర్శకాలు చట్టంతో సమానం కావని ఒక న్యాయవాది చెప్పారు, అయినా ఫిర్యాదులో ఆ మాట రాసిన తరువాతే ట్యుటోరియల్ వాళ్లు ఒరిజినల్ టీసీ, మెమో కొరియర్‌లో పంపారు. మొదట చేరేటప్పుడు వాటిని ‘ఫైల్ కోసం’ అని తీసుకుని ఉంచుకున్నారు. జిరాక్సులు తప్ప అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి. మూడవది ఫైనాన్స్ కంపెనీకి. ముప్పై రోజుల్లో వాళ్ల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, సందేహాలకు 14448 నంబరు ఉంది.

మా వాడు ఇప్పుడు మా వీధిలోనే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు దగ్గరికి సాయంత్రం పూట వెళ్తున్నాడు. ఆయన నెలకు 800 తీసుకుంటున్నారు, మొదటి రోజే పాత ప్రశ్నపత్రం చేయించి వాడికి త్రికోణమితి రాదని తేల్చారు. 110 రూపాయల రసీదు బీరువాలో ఉంది. ట్యుటోరియల్ అప్పులో ఇంకా ఆరు వాయిదాలు మిగిలాయి, వచ్చే వాయిదా 5వ తేదీన.