పైథాన్‌లో తెరిచిన ఫైళ్ల నిర్వహణ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను నేను ప్రధానంగా రెండు పనులకు వాడతాను: పెద్ద పెద్ద టెక్స్ట్ ఫైళ్లను విడదీసి సర్దడానికి, ఆగకుండా నడవాల్సిన సేవలను నడపడానికి. రెండింటిలోనూ ఫైళ్లు తెరవడం, చదవడం, రాయడం, మూయడమే సగం పని. అందుకే ఈ సమీక్ష భాష మొత్తం గురించి కాదు, దానితో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో తెరిచిన ఫైళ్లను చూసుకునే భాగం గురించి మాత్రమే. ఆ భాగం నాకు చాలా ఇష్టమని ముందే చెబుతున్నాను. ఫైల్ అవసరం ఒక ఫంక్షన్‌తో తీరిపోయినంత వరకు ఇంతకన్నా హాయైన ఏర్పాటు నేను వాడలేదు. ఆ ఫైల్ ఫంక్షన్ గడప దాటిందంటే సంగతి వేరు. అప్పటికీ లైబ్రరీ దగ్గర మంచి పనిముట్లు ఉన్నాయి. కానీ పొరపాటు జరుగుతున్నప్పుడు అది తనంతట తాను నోరు విప్పదు.

తెరిచిన ఫైల్‌ను పని అయ్యాక తానే మూసే విత్ వాక్యం 2006లో, 2.5 వెర్షన్‌తో వచ్చింది. అప్పట్లో ప్రత్యేకంగా దిగుమతి చేసుకుంటేనే పనిచేసేది, 2.6 నుంచి ఆ అవసరం పోయింది. అంతకుముందు రాసిన కోడ్ ఇప్పటికీ అప్పుడప్పుడు నా చేతికి వస్తుంటుంది. ట్రై, ఫైనల్లీ, అందులో క్లోజ్. మూడు ఫైళ్లు కావాలంటే ఒకదానిలో ఒకటి మూడు ట్రైలు. అసలు పని ఎక్కడ జరుగుతోందో చదివేవాళ్లు వెతుక్కోవాలి. విత్‌తో ఆ బాధ లేదు. ఫైల్ ఎంతసేపు తెరిచి ఉంటుందో కోడ్ ఆకారం చూస్తేనే తెలుస్తుంది. మధ్యలో రిటర్న్ వచ్చినా, ఎక్సెప్షన్ లేచినా, బ్లాక్ దాటగానే మూతపడుతుంది. 3.10 నుంచి అనేక ఫైళ్లను బ్రాకెట్లలో, వరుసకొకటి చొప్పున రాసుకునే వీలు అధికారికంగా వచ్చింది. చిన్న సౌకర్యమే గానీ రోజూ వాడేవారికి విలువ తెలుస్తుంది.

ప్రోగ్రాం ముగియగానే ఆపరేటింగ్ సిస్టమే అన్నీ మూసేస్తుంది కదా, ఇంత పట్టింపు ఎందుకని కొత్తవాళ్లు అడుగుతుంటారు. క్షణాల్లో ముగిసే స్క్రిప్టుకు ఆ మాట చెల్లుతుంది. రోజుల తరబడి నడిచే ప్రాసెస్‌కు చెల్లదు. ఒక ప్రాసెస్ ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచవచ్చో దానికి హద్దు ఉంటుంది. చాలా లినక్స్ వ్యవస్థల్లో మామూలుగా ఆ హద్దు 1024, మ్యాక్‌లో 256. సాకెట్లు, పైపులు కూడా ఇదే ఖాతాలో పడతాయి. తెరిచిన ప్రతిదానికీ డిస్క్రిప్టర్ అనే ఒక సంఖ్య దక్కుతుంది; ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ ప్రవాహాలు 0, 1, 2 సంఖ్యలను మొదటే తీసేసుకుంటాయి. హద్దు దాటబోతే 24వ నంబరు ఎర్రర్ వస్తుంది. పేచీ ఏమిటంటే, ఆ ఎర్రర్ బయటపడే చోటు ఒకటి, దానికి కారణమైన చోటు మరొకటి.

ఉదాహరణకు, నా చేతికి వచ్చేనాటికే నడుస్తున్న ఒక ప్రోగ్రాం సంగతి. లాగ్ వరుసలను ఖాతా సంఖ్యను బట్టి విడదీసి, ఒక్కో ఖాతాకు ఒక్కో ఫైల్‌లో రాయడం దాని పని. కొత్త ఖాతా ఎదురైనప్పుడల్లా ఒక ఫైల్ తెరిచి డిక్షనరీలో దాచుకునేది. ఖాతాలు కొన్నే ఉన్నంత కాలం చక్కగా నడిచింది. అవి పెరిగాక ఒకనాడు చేతులెత్తేసింది. ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చెప్పే ట్రేస్‌బ్యాక్ చూపించిందేమో ఫైళ్లు రాసే వరుసను కాదు, వాటితో ఏ సంబంధమూ లేని ఒక మాడ్యూల్ దిగుమతిని. మాడ్యూల్ దిగుమతి అన్నా ఫైల్ తెరవడమే కదా; హద్దు సరిగ్గా అక్కడ తగిలింది. ఇలాంటప్పుడు ట్రేస్‌బ్యాక్‌ను పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. లినక్స్‌లో ప్రాక్ కింద ఆ ప్రాసెస్ సంఖ్యతో ఉండే ఫోల్డర్‌లోకి వెళ్లి, ఎఫ్‌డీ అనే ఉపఫోల్డర్‌లో ఏముందో చూడాలి. తెరిచి ఉన్న ప్రతి ఫైల్ అక్కడ ఒక లింకుగా కనిపిస్తుంది. ఒకే తీరు పేర్లు వందల్లో బారులు తీరి ఉంటే, ఏ ఫంక్షన్‌ను అనుమానించాలో అప్పుడే తేలిపోతుంది.

రిసోర్స్ మాడ్యూల్‌తో ఆ హద్దును ప్రోగ్రాంలోంచే పెంచుకోవచ్చు. తొందర పడవద్దని నా సలహా. లీకు, అంటే మూయకుండా వదిలేసిన ఫైళ్లు పోగుపడడం, ఉంటే అది బయటపడే రోజు వెనక్కి జరుగుతుందే తప్ప లీకు పోదు. పైగా పాత సెలెక్ట్ పిలుపు వాడే లైబ్రరీలు లినక్స్‌లో 1024, ఆపై సంఖ్య ఉన్న డిస్క్రిప్టర్లను తీసుకోలేవు.

ఆ ప్రోగ్రాంను సరిచేసేటప్పుడే స్టాండర్డ్ లైబ్రరీలో ఏముందో, ఏం లేదో నాకు బాగా అర్థమైంది. ఉన్నవాటిలో మొదట చెప్పాల్సింది ఎగ్జిట్‌స్టాక్. 3.3 వెర్షన్ నుంచి కాంటెక్స్ట్‌లిబ్ అనే మాడ్యూల్‌లో ఉంది. ఎన్ని ఫైళ్లు తెరవాలో ముందుగా తెలియనప్పుడు, తెరిచిన ప్రతిదాన్నీ దానికి అప్పగిస్తూ పోవచ్చు. ఏడో ఫైల్ తెరుచుకోకపోతే అంతకుముందు తెరిచిన ఆరింటినీ, చివరిదానితో మొదలుపెట్టి వరుసగా మూసేస్తుంది. పైథాన్ 2 కాలంలో ఇదే పనికి నెస్టెడ్ అనే సాధనం ఉండేది. దానికి ఇచ్చే ఫైళ్లన్నీ ముందే తెరుచుకోవాలి కాబట్టి, రెండోది విఫలమైతే మొదటిదాన్ని మూసే బాధ్యత ఎవరికీ ఉండేది కాదు. ఆ లోపం వల్లనే దాన్ని పక్కన పెట్టారు. ఎగ్జిట్‌స్టాక్‌లో నాకు అన్నింటికన్నా నచ్చింది పాప్‌ఆల్. ఒక క్లాస్ తన ఆరంభంలోనే రెండు మూడు ఫైళ్లు తెరవాల్సి ఉందనుకోండి. విత్ లోపల స్టాక్‌తో అన్నీ తెరిచి, అన్నీ సవ్యంగా తెరుచుకున్నాక పాప్‌ఆల్‌తో ఆ బాధ్యతను క్లాస్‌కు బదిలీ చేయవచ్చు. మధ్యలో ఏది చెడినా అంతా మూతపడుతుంది. ఏదీ చెడకపోతే ఫైళ్లు తెరిచే ఉంటాయి. ఇంత అవసరమైన విషయం గురించి పాఠాలు చెప్పేవారు ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

లేనిదేమిటంటే, ‘ఒకేసారి ఇన్నికి మించి తెరవకు, చాలాసేపటి నుంచి వాడనిదాన్ని మూసి కొత్తదానికి చోటివ్వు’ అనే సదుపాయం. ఎగ్జిట్‌స్టాక్ మూస్తే అన్నింటినీ మూస్తుంది, మధ్యలోంచి ఒక్కదాన్ని తీసి మూయదు. ఫంక్షన్ ఫలితాలను గుర్తుంచుకుని, చాలాసేపటి నుంచి వాడనివాటిని వదిలేసే ఎల్‌ఆర్‌యూ క్యాష్ డెకరేటర్ చూడగానే ఇదే కదా కావాల్సింది అనిపిస్తుంది. కానీ అది పాత విలువను వదిలేసేటప్పుడు మనకు కబురు పెట్టదు, క్లోజ్ పిలిచే అవకాశం ఇవ్వదు. చివరికి వరుస మార్చుకోగల డిక్షనరీ అయిన ఆర్డర్డ్‌డిక్ట్‌తో సొంతంగా ఒక చిన్న క్లాస్ రాసుకున్నాను. వాడిన ఫైల్‌ను చివరికి జరపడం, హద్దు చేరగానే మొదట ఉన్నదాన్ని తీసి మూయడం, మళ్లీ కావలసి వస్తే చివర చేర్చే పద్ధతిలో తెరవడం, అంతే. ఇది స్టాండర్డ్ లైబ్రరీలో ఉండి తీరాల్సిన వస్తువు.

ఇక ఆ మౌనం సంగతి. మనం మామూలుగా వాడే ఇంటర్‌ప్రెటర్ అయిన సీపైథాన్, ఒక్కో వస్తువును ఎన్ని పేర్లు చూపిస్తున్నాయో (రిఫరెన్సులను) లెక్కిస్తూ ఉంటుంది. ఫైల్‌ను చూపించే చివరి పేరు పోగానే ఫైల్ మూతపడుతుంది. అందుకే తెరిచి, అదే వరుసలో చదివేసి, మూయడం ఊసెత్తని కోడ్ కూడా నిక్షేపంగా నడుస్తుంది. అది భాష ఇచ్చిన హామీ కాదు, ఆ ఇంటర్‌ప్రెటర్ నిర్మాణం వల్ల కలిసివచ్చే సంగతి. అదే కోడ్‌ను ‘పైపై’ అనే మరో ఇంటర్‌ప్రెటర్ మీద నడిపితే, వాడని వస్తువులను ఏరివేసే గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడు వస్తే అప్పుడే మూతపడుతుంది. సీపైథాన్‌లో కూడా ఎక్సెప్షన్‌ను ఎక్కడైనా దాచుకుంటే, దాని ట్రేస్‌బ్యాక్ ఆ ఫంక్షన్ చరరాశులన్నింటినీ బతికించి ఉంచుతుంది, ఫైల్‌తో సహా. ఇలా మూయకుండా వదిలేసిన ఫైళ్ల గురించి చెప్పడానికి 3.2 నుంచి రిసోర్స్‌వార్నింగ్ ఉంది. మామూలుగా నడిపితే అది కనిపించదు! అదనపు తనిఖీలు చేసే డెవలప్‌మెంట్ మోడ్‌లో నడిపితే కనిపిస్తుంది. దానికి మెమరీ కేటాయింపులను గమనించే ట్రేస్‌మాలక్ తోడైతే ఆ ఫైల్ ఏ వరుసలో తెరుచుకుందో కూడా చూపిస్తుంది. ఏ ప్రాజెక్టు చేతికి వచ్చినా నేను మొదట చేసే పని ఇదే. ఒక మెలిక గుర్తుంచుకోవాలి: ఈ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చమని అడిగినా ప్రోగ్రాం ఆగదు. హెచ్చరిక, వస్తువు నశించేటప్పుడు నడిచే డిస్ట్రక్టర్ లోపల పుడుతుంది కాబట్టి ఆ ఎర్రర్ తెర మీద అచ్చవుతుంది తప్ప పైకి రాదు.

మూయడమంటే తెరిచినప్పుడు సిస్టమ్ ఇచ్చిన హ్యాండిల్‌ను తిరిగి ఇచ్చేయడమేనని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే మూయడంలో అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. లినక్స్‌లో డెవ్ ఫుల్ అనే ప్రత్యేక ఫైల్ ఉంటుంది; ఎప్పుడూ నిండిపోయిన డిస్కులా ప్రవర్తించడమే దాని పని. దాన్ని రాయడానికి తెరిచి నాలుగు అక్షరాలు రాయండి. రైట్ పిలుపు నాలుగు అక్షరాలు రాశానని సంతోషంగా సమాధానమిస్తుంది. అవి ఇంకా, డిస్కుకు వెళ్లే ముందు డేటా ఆగే బఫర్‌లోనే ఉన్నాయి మరి. క్లోజ్ పిలిచినప్పుడు బయటపడుతుంది 28వ నంబరు ఎర్రర్: చోటు లేదని. విత్ వాడితే ఆ ఎర్రర్ మామూలు ఎక్సెప్షన్‌గా మన చేతికి వస్తుంది. వాడకుండా ఫైల్‌ను దాని మానాన వదిలేస్తే, 3.13కు ముందు వెర్షన్లలో మామూలుగా నడిపినప్పుడు ఆ ఎర్రర్ చప్పుడు లేకుండా మాయమయ్యేది. డేటా పోయిందని ప్రోగ్రాంకూ తెలియదు, మనకూ తెలియదు. 3.13 నుంచి కనీసం తెర మీద అచ్చవుతోంది. ఆ వెర్షన్‌లో వచ్చిన పెద్ద పెద్ద మార్పులన్నింటికన్నా ఈ చిన్న మార్పుకే నేను ఎక్కువ సంతోషించాను. క్లోజ్ విజయవంతమైనంత మాత్రాన డేటా డిస్కు మీదికి చేరినట్టు కాదని కూడా చెప్పాలి. కరెంటు పోయినా నిలవాల్సిన డేటా అయితే మూసే ముందు ఫ్లష్ (బఫర్‌ను ఖాళీ చేయడం), ఎఫ్‌సింక్ (డిస్కు మీదికి చేర్చడం) రెండూ చేయాల్సిందే.

విత్ వాడినా మోసపోయే చోటు జనరేటర్, అంటే అడిగినప్పుడల్లా ఒక్కో విలువను అందిస్తూ (ఈల్డ్ చేస్తూ) మధ్యలో ఆగే ఫంక్షన్. ఫంక్షన్ లోపల విత్‌తో ఫైల్ తెరిచి, ఒక్కో వరుసను ఈల్డ్ చేసే కోడ్ చూడడానికి ముచ్చటగా ఉంటుంది. తీసుకునేవారు పది వరుసలు చదివి ఆపేశారనుకోండి. జనరేటర్ ఆగిన చోటే నిలబడి ఉంటుంది, విత్ బ్లాక్ ముగియదు, ఫైల్ తెరిచే ఉంటుంది. ఆ జనరేటర్‌ను ఎవరైనా చరరాశిలో పెట్టుకుంటే ఎంతకాలమైనా అంతే. కాంటెక్స్ట్‌లిబ్‌లోని క్లోజింగ్‌తో చుట్టడం ఒక మార్గం. నేనైతే ఫైల్‌ను బయట తెరిచి జనరేటర్‌కు అందిస్తాను. తెరిచినవారే మూయాలన్న నియమం అప్పుడు చెక్కుచెదరదు.

విండోస్, లినక్స్ తేడాలను లైబ్రరీ పూర్తిగా దాచలేదు, దాచడం సాధ్యమూ కాదు. విండోస్‌లో ఎక్కడో తెరిచి ఉండిపోయిన ఫైల్‌ను తొలగించబోతే 32వ నంబరు ఎర్రర్‌తో అక్కడే ఆపేస్తుంది. లినక్స్‌లో తొలగింపు జరిగిపోతుంది, పేరు పోతుంది. కానీ చివరి హ్యాండిల్ మూతపడే వరకు డిస్కులో చోటు ఖాళీ కాదు. కనిపించే ఫైళ్లన్నీ కూడితే కొంచెమే, డిస్కేమో నిండిపోయి ఉంటుంది. అందుకే నా పరీక్షలను విండోస్‌లోనూ నడుపుతాను, లీకులు అక్కడ ముందుగా దొరుకుతాయి. తాత్కాలిక ఫైళ్ల విషయంలో ఉన్న పాత తలనొప్పిని 3.12 తీర్చింది. నేమ్డ్‌టెంపరరీఫైల్‌ను మూసి, అదే పేరుతో మళ్లీ తెరిచి, చివర్లో తొలగేలా చేయడం ఇప్పుడు విండోస్‌లోనూ కుదురుతుంది. ఇంకొక మంచి మార్పు 3.4లో వచ్చింది: పైథాన్ తెరిచిన ఫైళ్లు పిల్ల ప్రాసెస్‌లకు తమంతట తాము సంక్రమించవు.

ఇతర భాషలూ కొంత వాడాను. గోలోని డిఫర్ ఫంక్షన్ చివర పనిచేస్తుంది కాబట్టి లూప్ లోపల వాడితే ఫైళ్లు పోగుపడతాయి. విత్‌కు ఆ చిక్కు లేదు. రస్ట్‌లో మూయడం మరిచిపోవడమన్నది దాదాపు ఉండదు, కానీ అలా దానంతటదే మూసేటప్పుడు వచ్చే ఎర్రర్‌ను పట్టించుకోదు.

చిన్న ఫైల్‌ను మొత్తంగా చదవాలంటే పాత్‌లిబ్‌లోని రీడ్‌టెక్స్ట్ చాలు. తెరవడం, చదవడం, మూయడం అన్నీ అదే చూసుకుంటుంది. అనేక పనులను ఒకదాని కోసం ఒకటి ఆగకుండా నడిపే అసింక్‌ఐఓతో పనిచేసేవారికి మాత్రం ఫైళ్ల కోసం స్టాండర్డ్ లైబ్రరీలో సొంత దారి లేదు, థ్రెడ్‌కు అప్పగించాల్సిందే. నేను రాసే సేవల్లో ఇప్పటికీ తీరని లోటు అదొక్కటే. కొత్తగా మొదలుపెట్టేవారు 3.13 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ తీసుకుని, పరీక్షలన్నీ డెవలప్‌మెంట్ మోడ్‌లోనే నడపండి.