సాగర్ దాకా మోసిన సైకిల్ సంచులు: ఐదుకి మూడున్నర

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్‌కి సైకిల్ మీద వెళ్దామనుకున్నాక ముందు కొన్నది సంచులే. క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడేవి, ఒక్కోటి 20 లీటర్లు. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు చెప్పను.

కుట్లు గట్టివి. రెండు జతల బట్టలు, స్పేర్ ట్యూబు, పంపు, పంక్చర్ కిట్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అమ్మ బలవంతంగా పెట్టిన సకినాల డబ్బా అన్నీ పట్టాయి. బరువైనవన్నీ ఎడమ సంచిలోనే పడేశా. కాలనీలో ఒక రౌండు వేయగానే సైకిల్ ఒక పక్కకి లాగింది. తూచి చూస్తే ఎడమది 6 కిలోలు, కుడిది 3! పంపు, ట్యూబు కుడి సంచి అడుక్కి మార్చాక దారికొచ్చింది.

అసలు గొడవ మడమతో. పెడల్ వెనక్కి వచ్చినప్పుడల్లా మడమ సంచి మూలకి టక్కున తగిలేది. కొక్కేలు జరపడానికి స్క్రూలున్నాయట, ఆ ముక్క వాళ్లిచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. మా వీధి చివర సైకిల్ షాపాయన చూసి, సంచుల్ని రెండు వేళ్లంత వెనక్కి జరిపి, ఊగకుండా పాత ట్యూబు ముక్కతో బిగించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

యాచారం దాటాక వాన. పైన కవరు తొడిగినా జిప్పు దగ్గర నీళ్లు దిగాయి. బట్టలు చెత్త కవర్లో చుట్టాను కాబట్టి బతికాయి. సకినాలు మాత్రం మెత్తబడ్డాయి. పెద్దవూరలో టీతో అవే తిన్నా.

కొనేముందు మీ క్యారియర్ కడ్డీ మందం కొలుచుకోండి. నాకు కొక్కేలు కాస్త వదులే.