మీ ఫైర్‌ఫాక్స్ ఏ ఛానెల్‌ది? ఎక్కడ చూసి తేల్చుకోవడం మేలు?

"మా సిస్టంలో ఉన్నది బీటానా, మామూలుదా?" అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఏదో సైటులో తెలుగు ఒత్తులు చెదిరిపోతున్నాయనో, దాచుకున్న పాస్‌వర్డులు కనిపించడం లేదనో మొదలుపెడతారు. నాలుగు మాటలయ్యాక సంగతి ఛానెల్ దగ్గరికే, అంటే ఆ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఏ విడుదల వరుసకు చెందిందన్న దగ్గరికే వస్తుంది. రిలీజ్ అందరూ వాడే మామూలుది, బీటా దానికి ముందు పరీక్షకు వచ్చేది, డెవలపర్ ఎడిషన్ వెబ్‌సైట్లు తయారు చేసేవాళ్లది, నైట్లీ రోజూ తయారయ్యే ప్రయోగాత్మకమైనది, ఈఎస్ఆర్ పెద్ద మార్పులు లేకుండా ఎక్కువ కాలం నడిచేది. ఇంతకంటే వాటి లోతుల్లోకి పోను. ఉన్నది ఏదో తేల్చుకోవడానికి నాలుగైదు దారులున్నాయి. వాటిలో దేన్ని నమ్మాలన్నదే పేచీ.

ముందు ఐకాన్. నైట్లీ ఊదా రంగులో, డెవలపర్ ఎడిషన్ నీలంగా ఉంటాయి, వాటిని ఇట్టే పట్టేయొచ్చు. కానీ ఈఎస్ఆర్‌కీ మామూలు రిలీజ్‌కీ ఉన్నది ఒకే నారింజ నక్క. బీటా ఐకాన్ కూడా దానికి బాగా దగ్గరగానే ఉంటుంది, టాస్క్‌బార్‌లో చిన్నగా కనిపిస్తే తేడా ఎవరికి తెలుస్తుంది? రంగు తేడాగా ఉంటే ఐకాన్ సాక్ష్యం చెబుతుంది, నారింజ అయితే ఏమీ చెప్పదు.

వెర్షన్ నంబరు అంతకంటే నయం, అయితే చివరిదాకా చదవాలి. చివర ఏ1 ఉంటే నైట్లీ, బీ అన్న అక్షరం పక్కన అంకె ఉంటే బీటా వైపుది, ఈఎస్ఆర్ అని ఉంటే ఈఎస్ఆర్. చిక్కేమిటంటే, ఫోన్లో అడిగితే అందరూ ముందున్న అంకె చెప్పి ఆపేస్తారు. 2024 జూలైలో 128 రిలీజ్‌గానూ వచ్చింది, ఈఎస్ఆర్‌గానూ వచ్చింది. "128 అండీ" అంటే నాకేం అర్థం కావాలి? తోకతో సహా చదివినా బీటాకీ డెవలపర్ ఎడిషన్‌కీ తేడా తెలియదు, రెండిటికీ బీ తోకే ఉంటుంది. 2017లో నైట్లీకీ బీటాకీ మధ్య ఉన్న అరోరా అనే మెట్టు తీసేసినప్పటి నుంచి డెవలపర్ ఎడిషన్‌ను బీటా కోడ్‌తోనే తయారు చేస్తున్నారు.

"నా బ్రౌజర్ ఏది" అని చూపించే వెబ్‌సైట్లను ఇందుకు వాడొద్దు. బ్రౌజర్ తన గురించి సైటుకు పంపే వాక్యంలో ఈ తోక ఉండదు. ఈఎస్ఆర్ అయినా రిలీజ్ అయినా సైటుకు తెలిసేది 128.0 మాత్రమే.

ఇక అసలు పోటీ రెండిటి మధ్యే. ఒకటి హెల్ప్ మెనూలో (మ్యాక్‌లో ఫైర్‌ఫాక్స్ మెనూలో) ఉండే అబౌట్ ఫైర్‌ఫాక్స్ కిటికీ. రెండోది అడ్రస్ బార్‌లో అబౌట్:సపోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొడితే తెరుచుకునే పేజీ.

అబౌట్ కిటికీ తేలిక. పూర్తి నంబరూ ఉంటుంది, మీరు ఫలానా అప్‌డేట్ ఛానెల్‌లో ఉన్నారన్న వాక్యమూ ఉంటుంది. ఎవరికైనా ఫోన్లో చెప్పి తెరిపించొచ్చు. ఇంత మంచిదాన్ని నేనెందుకు వెనక్కి నెడుతున్నానంటే, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఆ కిటికీ తెరవగానే ఫైర్‌ఫాక్స్ కొత్త అప్‌డేట్ కోసం వెతుకుతుంది. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లో ఉంటే డౌన్‌లోడ్ కూడా మొదలుపెట్టేస్తుంది. జ్వరం ఎంతుందో చూడకముందే మాత్ర వేసేసినట్టు. మీకు కావలసింది అప్‌డేటే అయితే ఇబ్బంది లేదు. కానీ ఒత్తులు ఏ బిల్డ్‌లో, అంటే ఎప్పుడు తయారైన ఫైర్‌ఫాక్స్‌లో చెదిరాయో పట్టుకోవాలనుకున్నప్పుడు, రీస్టార్ట్ కాగానే ఆ బిల్డే పోతుంది. తర్వాత సమస్య కనిపించకపోతే అది అప్‌డేట్ వల్ల పోయిందా, రీస్టార్ట్ వల్ల పోయిందా? చెప్పలేం. లినక్స్‌లో డిస్ట్రో (మీరు వేసుకున్న లినక్స్ కూర్పు) ఇచ్చిన ఫైర్‌ఫాక్స్‌కు ఈ బాధ లేదు, అక్కడ అప్‌డేట్ల పని సాఫ్ట్‌వేర్లను వేసి చూసుకునే ప్యాకేజీ మేనేజర్‌ది.

అబౌట్:సపోర్ట్ దేన్నీ కదపదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. పేజీ పై భాగంలోనే వెర్షన్, బిల్డ్ ఐడీ, అప్‌డేట్ ఛానెల్, ప్రొఫైల్ ఫోల్డర్ వరుసగా ఉంటాయి. నా లెక్కలో తీర్పు చెప్పేది అప్‌డేట్ ఛానెల్ వరుస. రిలీజ్, బీటా, నైట్లీ, ఈఎస్ఆర్ అని పేరుతోనే ఉంటుంది. డెవలపర్ ఎడిషన్‌కు మాత్రం ఇప్పటికీ అరోరా అనే ఉంటుంది, పాత పేరు అలా మిగిలిపోయింది. కంగారు పడకండి. డీఫాల్ట్ అని కనిపిస్తే సాధారణంగా ఎవరో సొంతంగా కంపైల్ చేసుకున్న బిల్డ్ అయి ఉంటుంది.

నైట్లీ వాడేవాళ్లకు బిల్డ్ ఐడీ ఇంకా ముఖ్యం. నైట్లీ రోజుకు రెండుసార్లు వస్తుంటుంది, ఏ1 నంబరు మాత్రం వారాల తరబడి మారదు. బిల్డ్ ఐడీ అంటే సంవత్సరం నుంచి సెకను దాకా 14 అంకెల్లో రాసిన తయారీ సమయం. ఫైర్‌ఫాక్స్ మెనూలను తెలుగులోకి అనువదించేవాళ్లు తమ మాటలు మెనూలో ఎలా కూర్చున్నాయో ముందుగా నైట్లీలోనే చూసుకుంటారు. పొద్దున చేసిన మార్పు సాయంత్రం బిల్డ్‌లోకి వచ్చిందా లేదా అన్నది ఈ అంకెలతోనే తేలుతుంది.

పాస్‌వర్డులు మాయమైన కేసుల్లో పనికొచ్చేది ప్రొఫైల్ ఫోల్డర్, అంటే మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, సెట్టింగులు దాచి ఉండే చోటు. 2019 మేలో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టాలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్. బీటా పక్కనే రిలీజ్ కూడా ఉండి, పొరపాటున రెండోది తెరిస్తే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు అన్నీ పోయినట్టే కనిపిస్తాయి. పోవు, పక్క ప్రొఫైల్‌లో ఉంటాయి. ఫోల్డర్ పేరులో రిలీజ్ అనో నైట్లీ అనో ఉంటే అది గుర్తు మాత్రమే. ఒక ప్రొఫైల్‌ను వేరే ఛానెల్‌తోనూ తెరవొచ్చు కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోవద్దు.

మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో విండోస్ 7 ఇంకా అక్కడక్కడా నడుస్తోంది. అక్కడ ఛానెల్ వరుసలో ఈఎస్ఆర్ అని చూసి "మేం వేసుకోలేదే!" అంటారు. నిజమే, వాళ్లు వేసుకోలేదు. 2023 జూలైలో వచ్చిన 115తో విండోస్ 7, 8, 8.1లకు మామూలు రిలీజ్‌లు ఆగాయి, ఆ సిస్టంలను ఫైర్‌ఫాక్సే ఈఎస్ఆర్‌కు మార్చింది.

క్రోమ్‌లోనూ ఇదే తేడా. సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీ అప్‌డేట్ వెతుకుతుంది, క్రోమ్://వెర్షన్ పేజీ వెతకదు. కాబట్టి రెండోదే మేలు. మొదటి వరుసలో అఫీషియల్ బిల్డ్ పక్కన బీటా, డెవ్, కానరీ అన్న మాట ఉంటే అదే ఛానెల్, ఏ మాటా లేకపోతే స్టేబుల్. ఎడ్జ్‌కు కూడా అలాంటి వెర్షన్ పేజీ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఇంత తతంగం అక్కర్లేదు, బీటా, నైట్లీ అని యాప్ పేరులోనే ఉంటుంది.

అబౌట్:సపోర్ట్‌లో ఉన్నదంతా కాపీ చేసే బటన్లు ఉన్నాయి. నాకు పంపేటప్పుడు అవి నొక్కకండి. యాడ్-ఆన్ల జాబితా, మీరు మార్చుకున్న సెట్టింగులు కూడా వచ్చేస్తాయి. పైనున్న ఆ మూడు వరుసలు, వెర్షన్, బిల్డ్ ఐడీ, అప్‌డేట్ ఛానెల్ పంపితే చాలు.