డిస్‌ప్లే రాని పాత డెస్క్‌టాప్: రబ్బరా, కార్డా, బోర్డా?

“మామయ్యా, ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది” అంటూ మా మేనల్లుడు వాళ్ల నాన్నగారి డీటీపీ (పత్రికలు, పేజీలు కూర్చే పని) కంప్యూటర్‌ను మోసుకొచ్చాడు. ఇంటెల్ జీ41 బోర్డు (భాగాలన్నీ అమర్చి ఉండే మదర్‌బోర్డు), కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, విండోస్ ఎక్స్‌పీ. దుకాణంలో చూపిస్తే బోర్డు మార్చాలన్నారట. వాడు స్క్రూడ్రైవర్ పట్టడం ఇదే మొదలు. ఉన్న భాగాలనే శుభ్రం చేసి చూడాలా, పాత గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను తయారు చేసే విడి పలక) కొనాలా, బోర్డే మార్చాలా అన్నది వాడి సందేహం.

మొదట శుభ్రం చేయడమే మేలని నా గట్టి నమ్మకం. ఖర్చు లేదన్నది ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి దుమ్ములో ఉన్న యంత్రాల్లో ర్యామ్ (కంప్యూటర్ పని చేస్తూ వాడుకునే మెమరీ పలక) తన స్లాటుకు, అంటే అది కూర్చునే గాడికి, సరిగ్గా అంటకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర రాదు. కరెంటు తీగ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. ఇనుప పెట్టెను ఒకసారి తాకి, ఆ తర్వాతే ర్యామ్ బయటికి తీయండి. దాని అంచున ఉన్న బంగారు పూత గీతలను పెన్సిలు రబ్బరుతో తేలికగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. గట్టిగా రుద్దితే ఆ పూతే పోతుంది. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడాలి. ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల కరెంటు కనెక్టర్ ఊడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే) డబ్బాను మాత్రం విప్పవద్దు. తీగ పీకాక కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

తెర వస్తూ రంగు తేడాగా ఉంటే అసలు పెట్టె తెరవనవసరం లేదు. వీజీఏ తీగలో (కంప్యూటర్ నుంచి మానిటర్‌కు వెళ్లే పాత రకం తీగ) ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు పిన్నుల మీద వెళ్తాయి. నీలం పిన్ను వంగితే తెల్లని కాగితం తెర మీద పసుపుగా కనిపిస్తుంది. తీగ మార్చితే సరిపోతుంది.

రబ్బరుతో మా వాడికి తెర వచ్చింది. వాడి సంతోషం పది నిమిషాలే నిలిచింది. ఆ తర్వాత రంగురంగుల గీతలు మొదలయ్యాయి. మరో మానిటర్ పెట్టినా అవే గీతలు. ఇక్కడే రెండో దారి, అంటే గ్రాఫిక్స్ కార్డు, విలువ తెలుస్తుంది. జీ41 లాంటి బోర్డుల్లో బొమ్మను తయారు చేసే భాగం ప్రాసెసర్‌లో ఉండదు, బోర్డు మీది చిప్‌సెట్‌లో (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పులో) ఉంటుంది. అంటే దుకాణం వారి మాట పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ ఒక్క భాగమే చెడితే, విడి కార్డు ఆ పనిని తన మీద వేసుకుంటుంది. 2009లో వచ్చిన జీఫోర్స్ 210 లాంటి చిన్న కార్డు స్లాటు నుంచే కరెంటు తీసుకుంటుంది, ఎస్ఎంపీఎస్ మార్చే పని లేదు. ఎక్స్‌పీకి దాని డ్రైవర్లు (విండోస్ ఆ కార్డును నడిపించడానికి కావలసిన ప్రోగ్రాములు) కూడా ఉన్నాయి. కార్డు పెట్టాక మానిటర్ తీగను బోర్డుకు కాకుండా కార్డుకే తగిలించాలి. కొత్తవారు తరచూ మరచిపోయేది ఇదే. ర్యామ్‌ను నడిపించేదీ ఆ చిప్‌సెట్టే కాబట్టి, చిప్పు మొత్తం పోతే కార్డు కూడా కాపాడలేదు. అందుకే కొనేముందు ఎవరిదైనా కార్డు అరువు తెచ్చి పెట్టి చూడడం మంచిది.

బోర్డు మార్చడాన్ని నేను చివరికి నెట్టాను. అదే నమూనా పాత బోర్డు దొరికితే సరే. వేరే రకం దొరికితే పాత విండోస్ తెరుచుకోకపోవచ్చు, ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చవలసి రావచ్చు. కొత్త తరం బోర్డులకు ఎక్స్‌పీ డ్రైవర్లే ఉండవు. మా బావగారి పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రాము), అను తెలుగు ఫాంట్లు ఆ ఎక్స్‌పీ మీదే నడుస్తున్నాయి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఆయన కూర్చిన పెళ్లి పత్రికలు తెలుగులో కాక అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. బోర్డు మీది కెపాసిటర్లు (విద్యుత్తును నిలవ ఉంచే చిన్న డబ్బాలు) ఉబ్బి, కారి ఉంటే, లేదా కార్డు పెట్టినా తెర రాకపోతే మాత్రం బోర్డు మార్చే ఆలోచన చేయాలి.

మా వాడు అరువు కార్డు పెట్టాక గీతలు పోయాయి. వెంటనే ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి, వాళ్ల నాన్నగారి ఫైళ్లతో పాటు ఫాంట్ల ఫోల్డరు కూడా కాపీ చేశాడు. ఆ తర్వాతే సొంత కార్డు వెతకడానికి వెళ్లాడు.