520 రూపాయల ఫ్రీక్వెన్సీ కౌంటర్ కిట్: బిట్‌ఎక్స్ రేడియో సెట్‌కి కట్టి ఆర్నెల్లు వాడాక

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను కాబట్టి ఫ్రీక్వెన్సీ కొలిచే మంచి కౌంటర్లు రోజూ చేతిలో ఉండేవే. ఇంట్లో మాత్రం నా హామ్ రేడియో సెట్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో తెలియడానికి డయల్ మీద పెన్సిల్‌తో గీసుకున్న గీతలే దిక్కు. మన దేశంలో హామ్‌లకి (సరదాగా రేడియో నడిపేవాళ్లకి) 40 మీటర్ల బ్యాండ్‌లో ఇచ్చింది 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకానే. సెట్ వేడెక్కాక వీఎఫ్ఓ (డయల్ తిప్పితే ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) జారి, హద్దు దాటి మాట్లాడుతున్నానేమోనని గుండె పీచుపీచుమనేది. అందుకే ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించాను. పిక్16ఎఫ్628ఏ చిప్, 20 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, అయిదంకెల ఎర్ర డిస్‌ప్లే. 50 మెగాహెర్ట్జ్ దాకా కొలుస్తుందంటారు. ఈ సర్క్యూట్‌కి మూలం ఒక జర్మన్ హామ్ చేసిన డిజైన్.

ప్యాకెట్‌లో కాగితం ముక్క లేదు. అది సర్దుకోవచ్చు, బోర్డు మీద విలువలన్నీ అచ్చేసి ఉన్నాయి. కానీ ట్రిమ్మర్ (కౌంటర్ లెక్క సరిచేయడానికి తిప్పే చిన్న కెపాసిటర్) కూడా లేదు. అమ్మినవాళ్లకి రెండుసార్లు మెసేజ్ పెట్టినా జవాబు లేదు. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లి అడిగితే, "ఏ కలర్ మేడం?" అన్నాడు కొట్టతను. ట్రిమ్మర్ విలువని రంగుని బట్టే గుర్తుపడతారు. ఆకుపచ్చది, 30 పికోఫారాడ్‌ది తెచ్చుకున్నాను.

సోల్డరింగ్ సగం నాది, సగం ఇంటర్ చదివే మా మేనల్లుడిది. కరెంటివ్వగానే అంకెలు వెలిగాయి గానీ, "అత్తా, 8 రావాల్సిన చోట 0 వస్తోంది" అన్నాడు వాడు. అయిదంకెల్లోనూ నడిమి అడ్డగీత లేదు. ఆ గీత పిన్ను అన్ని అంకెలకీ ఉమ్మడి కాబట్టి తప్పు ఒక్కచోటే ఉండాలని వాడే పట్టేశాడు. భూతద్దం పెట్టి చూస్తే డిస్‌ప్లే పిన్ను దగ్గర సోల్డర్ బూడిదరంగులో, అంటీ అంటనట్టు బుడిపెలా ఉంది. ఐరన్ రెండు సెకన్లు ఆనించగానే మెరుస్తూ పిన్ను చుట్టూ పాకింది. వాడి మొహం కూడా అలాగే వెలిగింది.

నేను ఈ కిట్‌ని మెచ్చుకునేది ఒక్క గుణం కోసం. నా సెట్ బిట్‌ఎక్స్. మన హైదరాబాద్‌లోనే ఉండే అష్హర్ ఫర్హాన్ గారి డిజైన్. ఉంగరం లాంటి టొరాయిడ్ కోర్ దొరక్కపోతే కుళాయి వాషర్ మీదైనా కాయిల్ చుట్టుకోవచ్చని చూపించిన మనిషి. దాన్ని 40 మీటర్లకి మార్చుకున్నాను. ఐఎఫ్ (సెట్ లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ) 10 మెగాహెర్ట్జ్, వీఎఫ్ఓ 3 దగ్గర తిరుగుతుంది; రెంటి తేడాయే మనం మాట్లాడే ఫ్రీక్వెన్సీ. మామూలు కౌంటర్ పెడితే 2.943 చూపిస్తుంది, మిగతా లెక్క మనమే వేసుకోవాలి. దీంట్లో ముందు బీఎఫ్ఓని (ఐఎఫ్ దగ్గర నడిచే ఇంకో ఆసిలేటర్‌ని) కొలిచి, బటన్ నొక్కిపట్టి మెనూలో 'సబ్' (తీసివేత) దగ్గర ఖాయం చేస్తే ఆ 9.998ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వైరు వీఎఫ్ఓకి మార్చగానే 7.0550 అని వచ్చింది. కరెంటు పోయి వచ్చినా మరిచిపోదు. పెన్సిల్ గీతలు ఆ రోజే చెరిపేశాను.

వైరు నేరుగా వీఎఫ్ఓకి తగిలిస్తే మాత్రం ఫ్రీక్వెన్సీయే పక్కకి లాగేస్తుంది. మధ్యలో ఒక బీఎఫ్494 ట్రాన్సిస్టర్‌తో బఫర్ (వీఎఫ్ఓ మీద భారం పడకుండా ఆపే దశ) వేశాను, దాని ముందు 10 పికోఫారాడ్ కెపాసిటర్. ఇంకో బాధ గరగర. డిస్‌ప్లే అంకెల్ని ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి ఆర్పుతుంటుంది కదా, ఆ చప్పుడంతా రిసీవర్‌లోకి దిగింది. బలహీనమైన స్టేషన్లు వినపడలేదు. బోర్డుని రేకు మిఠాయి డబ్బాలో బిగించి, డబ్బాని ఎర్త్ చేసి, సప్లై దారిలో చప్పుడుని ఆపే ఒక చోక్ కాయిల్, 100 మైక్రోఫారాడ్ కెపాసిటర్ వేశాక వినపడనంతగా తగ్గింది. ఈ పని చెయ్యకుండా సెట్‌లో పెట్టుకోవద్దు.

ట్రిమ్మర్ తిప్పడానికి ఒక స్నేహితుడి ఇంట్లో జీపీఎస్‌కి లాక్ చేసిన 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ వాడుకున్నాను. మొదట 9.9994 చూపించింది. 10 దాటితే డిస్‌ప్లేలో చివరి స్థానం 1 కిలోహెర్ట్జ్, 10 లోపు అయితే 100 హెర్ట్జ్. అందుకని అంకె 9.9999కీ 10.000కీ మధ్య ఊగే చోట ట్రిమ్మర్ ఆపాను. ఎండాకాలం మధ్యాహ్నాల్లో చివరి అంకె ఒకటో రెండో కదులుతోంది. నాకది చాలు.

ఈ కిట్‌లో క్రిస్టల్ టెస్టర్ కూడా ఉందని చూసి మాత్రం కొనకండి. సెట్‌లోని ఫిల్టర్‌కి జత కుదిరే క్రిస్టల్స్ ఏరుకుందామని నేను చాలా ఆశపడ్డాను. వాటి తేడా పదుల హెర్ట్జ్‌లో చూడాలి. ఈ డిస్‌ప్లేలో పది క్రిస్టల్స్ పెడితే పదీ ఇంచుమించు ఒక్క అంకే చూపించాయి. క్రిస్టల్ పనిచేస్తోందా లేదా అన్నది తెలుస్తుంది, అంతే. ఆ ఏరుడు పని కాలేజీ కౌంటర్ మీద చేసుకున్నాను.

ల్యాబ్ పరికరం కావాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు. చేత్తో కట్టుకున్న సెట్ ఉండి, దానికి డయల్ కావాలనుకునేవాళ్లు నిస్సంకోచంగా తెప్పించుకోండి. ప్యాకెట్ రాగానే సామాను లెక్క చూసుకుని, తక్కువైంది ఆ వారమే గల్లీలో కొనుక్కోండి. చిప్‌ని నేరుగా సోల్డర్ చెయ్యకుండా 18 పిన్నుల ఐసీ బేస్ వెయ్యండి. మేం ఇప్పుడు రెండో కిట్ మొదలుపెట్టాం, మా మేనల్లుడి సెట్ కోసం. ఈసారి ట్రిమ్మర్ ఉంది, ఒక రెసిస్టర్ తగ్గింది.