ఎస్వీయూ దగ్గర మాత్రికల ట్యూషన్

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర ఎమ్మెస్సీ విద్యార్థులకు నడిచే ఈ ట్యూషన్‌లో, మాత్రికలోని (అడ్డు, నిలువు వరుసల్లో పేర్చిన సంఖ్యల పట్టికలోని) విలువలను వదిలేసి ప్లస్, మైనస్, సున్నా గుర్తులతోనే ఎంతవరకు తేల్చవచ్చో చెప్పిన పాఠం మెచ్చదగినది. సున్నా కాని ప్రతి మూలకానికీ దాని అడ్డువరుస సంఖ్య నుంచి నిలువువరుస సంఖ్యకు ఒక బాణం గీసి, ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు వెళ్లే ప్రధాన వికర్ణమంతా మైనస్ అయినప్పుడు, ఆ బాణాల గ్రాఫులో బయలుదేరిన చోటికే తిరిగొచ్చే ప్రతి చక్రంలో గుర్తుల లబ్ధం మైనస్ అయితేనే, గుర్తులు అలాగే ఉండి విలువలు ఎంత మారినా నిర్ధారకం (మాత్రిక నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య) సున్నా కాదని రంగు సుద్దలతో చూపించారు. రెండు వరుసల మాత్రికలో మిగిలిన రెండు మూలకాలూ ప్లస్ అయితే ఆ హామీ పోతుంది. 1947లో ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ ఇలాంటి ప్రశ్నను అర్థశాస్త్రం నుంచి లేవనెత్తిన సంగతిని మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు, అది వెలితే. వెనుక బెంచీకి మైనస్ గుర్తులు సరిగా కనిపించవు, ఈ పాఠానికి అది చిన్న లోపం కాదు కనుక ముందుగా వెళ్లి కూర్చోవడం మంచిది.